దుబాయ్ గాజుమేడలో మా కొబ్బరితోట

మా అమ్మ షార్జా వచ్చిన పన్నెండో రోజున తెలిసింది నాకు, తను పగలంతా హాల్లో కిటికీ దగ్గర కూర్చుని కింద పార్కింగ్‌లో ఆగిన కార్లు లెక్కపెడుతోందని. "ఇక్కడ తెల్ల కార్లే ఎక్కువే. ఇవాళ నలభై ఒకటి" అంది, నేను ఆఫీసు నుంచి వచ్చి చెప్పులు విప్పుతుండగా. నవ్వుతూనే అంది. నాకు మాత్రం నవ్వు రాలేదు.

అది జూలై నెల. బయట 43 డిగ్రీలు. పొద్దున్న ఎనిమిదింటికే బాల్కనీ కమ్మీ ముట్టుకుంటే చెయ్యి చుర్రుమంటుంది. ఊళ్ళో తెల్లవారుజామున నాలుగింటికి లేచి, పెరట్లోకీ తోటలోకీ పదిసార్లు తిరిగే మనిషి, ఇక్కడ ఏసీ గదుల మధ్య మెల్లగా అడుగులేస్తోంది, ఎవరింటికో చుట్టపుచూపుగా వచ్చినట్టు. ఫ్రిజ్ తలుపు తియ్యాలన్నా "తియ్యనా?" అని అడుగుతోంది.

ఇది మనలో చాలామందికి తెలిసిన సంగతే. అమ్మానాన్నల్ని ఎంతో ఇష్టంగా పిలిపించుకుంటాం. మొదటి వారం బుర్జ్ ఖలీఫా, దుబాయ్ మాల్, గోల్డ్ సూక్ అన్నీ తిప్పి ఫొటోలు తీసి ఊళ్ళో వాళ్ళకి పంపిస్తాం. రెండో వారం నుంచి మన ఆఫీసులు మనవి, పిల్లల సమ్మర్ క్యాంపులు పిల్లలవి. అరవై రోజుల విజిట్ వీసాలో మిగిలిన రోజులన్నీ వాళ్ళు కిటికీ దగ్గరే గడుపుతారు.

అమ్మని పిలిపించడంలో నాకు ఇంకో ఉద్దేశం కూడా ఉంది. అది ఇప్పుడు చెప్పుకోవడానికి కొంచెం సిగ్గుగానే ఉంది.

ఎకరన్నర సంగతి

మాది కోనసీమ. అమలాపురం నుంచి అల్లవరం వెళ్ళే దారిలో ఒక ఊరు. ఎకరన్నర కొబ్బరితోట, తొంభై చిల్లర చెట్లు. 1996 నవంబర్ 6 రాత్రి వచ్చిన తుఫాను ఎలాంటిదో ఆ ప్రాంతం వాళ్ళెవర్ని అడిగినా చెబుతారు. తెల్లారేసరికి మా తోటలో ముప్పై చెట్లు కూడా నిలబడి లేవు. నాన్న మళ్ళీ మొదటినుంచీ మొక్కలు నాటాడు. దేశవాళీ కొబ్బరి కాపుకి రావాలంటే ఆరేడేళ్ళు పడుతుంది. ఆ ఆరేడేళ్ళూ అమ్మ ఖాళీ జాగాల్లో కందా అరటీ వేసి ఇల్లు నడిపింది. మా చదువులు ఆ కంద మీదే నడిచాయి.

నాన్న పోయి ఏడాది దాటింది. సంవత్సరీకాలు అయిన వారానికి హైదరాబాద్ నుంచి అన్నయ్య ఫోన్ చేశాడు. తోటకి బేరం వచ్చిందట. కొనేవాడు చెట్లు కొట్టించి రొయ్యల చెరువు తవ్వుకుంటాడట. ధర బాగుంది. అన్నయ్య చెప్పినవేవీ అబద్ధాలు కావు. దింపు తియ్యడానికి మనుషులు దొరకడం లేదు. ఆకుల అడుగున తెల్లదోమ పట్టి, కింద ఉన్న అరటాకుల మీద కూడా నల్లటి మసి పేరుకుంటోంది. కొబ్బరి మధ్యలో వేసిన కోకో గింజల ధర 2024లో కిలో వెయ్యి రూపాయల దాకా వెళ్ళి, మరుసటి ఏడాదికి సగానికి దిగిపోయింది. అన్నింటికంటే ముఖ్యం, అరవై ఎనిమిదేళ్ళ అమ్మ అక్కడ ఒక్కతే ఉంటోంది.

అమ్మని అడిగితే ఒకటే మాట. "మీరెలా అంటే అలాగే."

ఆ మాటకి అర్థం "సరే" అని మేమిద్దరం తీర్మానించేసుకున్నాం. ఆగస్టులో అమ్మ తిరిగి వెళ్ళాక అడ్వాన్సు తీసుకోవడం, ఈలోగా నా దగ్గరుంచుకుని మనసు కుదిరేలా చెయ్యడం. ఆ రెండో పని నాది.

ఎడారిలో అడవి

ఆ కార్ల లెక్క విన్న శనివారమే మేం నలుగురం సిటీ వాక్‌లోని గ్రీన్ ప్లానెట్‌కి బయల్దేరాం. నేనూ, మా ఆయనా, తొమ్మిదేళ్ళ మా పాపా, అమ్మ. "అమ్మమ్మా, అక్కడ రెయిన్ ఫారెస్ట్ ఉంటుంది తెలుసా!" అని పాప దారంతా ఊదరగొట్టింది. "దుబాయ్‌లో అడవేంటే" అంది అమ్మ. అల్ ఇత్తిహాద్ రోడ్డు ట్రాఫిక్ దాటుకుని వెళ్ళేసరికి గంట పట్టింది.

చూడని వాళ్ళ కోసం నాలుగు ముక్కలు. గ్రీన్ ప్లానెట్ 2016లో తెరిచారు. బయటినుంచి చూస్తే గాజు గోడలున్న పెద్ద మేడ. లోపల నాలుగు అంతస్తుల ఎత్తున ఉష్ణమండలపు వానల అడవిని పెంచారు. మొక్కలూ జంతువులూ అన్నీ కలిపి 3,000కి పైగా ఉన్నాయంటారు. మధ్యలో 25 మీటర్ల ఎత్తైన చెట్టు. అది మనుషులు కట్టిన చెట్టు, కానీ దాని మొదలూ కొమ్మలూ పట్టుకుని బతికే మొక్కలన్నీ నిజమైనవే. లిఫ్టులో ముందు పైకి తీసుకెళతారు. అక్కడినుంచి చెట్టు చుట్టూ తిరిగే దారిలో, ఏటవాలుగా నడుస్తూ దిగుతూ రావాలి. అంటే అడవిని నెత్తి మీదనుంచి పాదాల దాకా చూస్తామన్నమాట. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళకి ఇది చాలా సుఖం.

లిఫ్టు తలుపు తెరుచుకోగానే వెచ్చటి తడిగాలి మొహానికి తగిలింది. నా కళ్ళజోడు మసకబారింది. తుడుచుకుని పెట్టుకునేసరికి అమ్మ రెండడుగులు ముందుకి వెళ్ళి ఆగిపోయి ఉంది. తల కొంచెం ఎత్తి గాలి పీలుస్తోంది.

"వాన వెలిసిన వాసనే" అంది.

వచ్చిన దగ్గర్నుంచీ తను ఎవరూ అడక్కుండా చెప్పిన మొదటి మాట అదే అనుకుంటా.

పై అంతస్తు

పైన పక్షులదే రాజ్యం. పంజరాలు ఉండవు. మన తల మీదనుంచే ఎగిరి వెళ్ళి ఎదురు కొమ్మ మీద వాలతాయి. ఎర్రవీ నీలంవీ మకా చిలుకలు మన రామచిలుక కంటే చాలా పెద్దవి. టూకాన్ ముక్కు ఒంటికి సరిపడనంత పెద్దది. చూడ్డానికి బరువుగా కనిపించినా లోపలంతా నురుగులా గుల్లగా ఉంటుంది కాబట్టి చాలా తేలిక. ఒంట్లో వేడి ఎక్కువైతే ఆ ముక్కులోకి రక్తం ఎక్కువగా పంపించి చల్లబరుచుకుంటుంది.

అక్కడ పనిచేసే ఒక అమ్మాయి పళ్ళెంలో ముక్కలు పెడుతోంది. "ఏం పెడతారో అడుగు" అంది అమ్మ. అడిగాను. బొప్పాయి. "బొప్పాయా!" అని అమ్మ తెగ సంతోషపడిపోయింది. "మా పెరట్లో కాకులు తినిపోగా మిగిలింది మేం తింటామమ్మా, ఆయ్" అని ఆ అమ్మాయికి తెలుగులోనే చెప్పింది. ఆ అమ్మాయి ఏం అర్థమైందో ఏమో, తనూ నవ్వుతూ తలూపింది.

ఆ తర్వాత అమ్మ దృష్టి పక్షుల మీదనుంచి మెల్లగా మొక్కల మీదికి మళ్ళింది. చెట్టు కొమ్మల సందుల్లో ఎర్రటి నడుమున్న గుబురు మొక్కలు. వాటి పేరు బ్రొమీలియాడ్ అని బోర్డు మీద చదివి చెప్పింది పాప. ఆకుల మధ్య గిన్నెలో పట్టినట్టు నీళ్ళు నిలవ చేసుకుంటాయి. అడవుల్లో ఆ గుక్కెడు నీళ్ళలోనే కొన్ని రకాల కప్పలు పిల్లల్ని పెంచుతాయి.

"అనాస మొక్కలా ఉందే" అంది అమ్మ, వంగి చూసి.

ఫోన్‌లో చూశాను. నిజమే. అనాస ఆ కుటుంబానిదే. దక్షిణ అమెరికా నుంచి పోర్చుగీసు వాళ్ళతో మన దేశానికి వచ్చింది. ఆ ఒక్కటే కాదు. బొప్పాయి, జామ, జీడిమామిడి, సపోటా, మన ఆవకాయలో మిరపకాయ, చివరికి అమ్మ కొబ్బరి మధ్యలో వేసిన కోకో, అన్నీ అమెరికా ఖండాల వేడి నేలల నుంచి వచ్చినవే. మనం టికెట్ కొనుక్కుని "వింత" అంటూ చూస్తున్న అడవి పిల్లలు కొన్ని నాలుగైదు వందల ఏళ్ళుగా మన పెరట్లోనే ఉన్నాయి.

"అది ఫేక్ ట్రీ అమ్మమ్మా" అంది పాప, చెట్టు మానుని చూపిస్తూ. కొంచెం నిరాశగానే అంది.

అమ్మ చెట్టుని కిందా మీదా చూసింది. "బూరుగు చెట్టులా కట్టారు" అంది. తెల్లబూరుగు అమెజాన్ అడవుల్లో మిగతా చెట్లలో చాలావాటిని దాటి పెరిగే మహావృక్షమని నాకు తర్వాత తెలిసింది. "కట్టిందైతేనేం? ఆనపపాదు ఎక్కే పందిరి గుంజకి ప్రాణం ఉంటుందా? ఊత దొరికితే చాలు, పాదు ఎక్కుతుంది."

"మరి ఈ మొక్కలు చెట్టు రసం తాగెయ్యవా, బదనికలాగా?" అని అడిగాడు మా ఆయన.

"ఇవి బదనికలు కాదండీ అల్లుడుగారూ. వేళ్ళు చూడండి, పైపైనే పట్టుకున్నాయి. తిండి గాల్లోంచీ వానలోంచీ తెచ్చుకుంటాయి. కూర్చోడానికి చోటు అడిగాయంతే."

నేను అమ్మ వైపు చూశాను. బోర్డు మీద ఇంగ్లీషులో రాసినదీ అదే. అమ్మకి ఇంగ్లీషు రాదు.

అమ్మమ్మ తోటలో అంతస్తులు

దిగుతూ వస్తుంటే వెలుగు తగ్గుతూ వస్తుంది. వానల అడవిలో పై కొమ్మలే ఎండనంతా పట్టేసుకుంటాయి. నేల దాకా చేరేది నూటికి ఒకటి రెండు పాళ్ళే. అందుకే కింద ఉండే మొక్కలకి ఆకులు వెడల్పు, ముదురు ఆకుపచ్చ. ఒక్కో ఎత్తులో ఒక్కో లోకం. పైవాళ్ళు చాలావరకు కిందకి దిగరు, కిందవాళ్ళు పైకి రారు. సగం ఎత్తులో ఒక స్లాత్ కొమ్మకి వేలాడుతూ నిద్రపోతోంది. అడవిలో అది వారానికోసారి మాత్రమే, అదీ కాలకృత్యాలకి, చెట్టు దిగుతుందని పాప చెబితే అమ్మ పమిట నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. "దేవాంగపిల్లి లాంటిదే. కాకపోతే ఇది మరీ బద్ధకస్తురాలు."

అక్కడే పాప అడిగింది, "అమ్మమ్మా, మీ ఊళ్ళో రెయిన్ ఫారెస్ట్ లేదు కదా?"

అమ్మ బెంచీ మీద కూర్చుంది. పాపని పక్కన కూర్చోబెట్టుకుంది.

"ఉంది. మన తోటే. చూడు, అందరికంటే పైన ఎవరు? కొబ్బరి. ఎండంతా దానిదే. దాని మట్టల సందుల్లోంచి దిగిన ఎండ అరటికి చాలు, పోకకి చాలు. ఇంకా కిందకి దిగిన నీడ కోకోకి. దానికి నీడంటేనే ఇష్టం. నేల మీద కంద, పసుపు. కొబ్బరి మానుని పట్టుకుని మిరియాల తీగ. ఎన్ని అంతస్తులు?"

పాప వేళ్ళు మడిచి లెక్కపెట్టింది. "ఫోర్. తీగతో కలిపితే ఫైవ్."

"కొబ్బరి వేళ్ళు ఎక్కువగా మొదలు చుట్టూ దగ్గర్లోనే ఉంటాయి. మధ్యలో నేల ఖాళీయే. ఖాళీగా వదిలితే కలుపు, వేస్తే కూడు. కోకో ఆకు రాలి రాలి నేలంతా పరుపులా అవుతుంది. ఆ ఆకుల కిందే చిన్న చిన్న దోమల్లాంటి పురుగులుంటాయి. కోకో పువ్వుకి పుప్పొడి అంటించేది అవే. తేనెటీగలు పెద్దగా రావు. ఆకులన్నీ ఊడ్చేశావనుకో, కాయ పట్టదు. మీ తాతయ్య మొదట్లో శుభ్రంగా ఉండాలని ఊడిపించేవాడు. అమలాపురం పక్కన అంబాజీపేటలో కొబ్బరి పరిశోధనా కేంద్రం ఉంది. అక్కడి వాళ్ళు చెప్పాక మానేశాడు. తెల్లదోమకి మందు కొట్టొద్దు, దాన్ని తినే పురుగుల్ని వదలమని చెప్పిందీ వాళ్ళే."

నేను ఆ తోటలో పుట్టి పెరిగాను. పదో తరగతి దాకా ఆ కోకో కాయలు పగలగొట్టి, గింజల్ని అరటాకులు పరిచిన బుట్టల్లో మగ్గబెట్టడం నా చేతులతో చేశాను. ఆరు రోజులకి ఇల్లంతా పుల్లటి వాసన వచ్చేది. ఇంత చేసినా, నాకు అది ఎకరన్నర, సెంటుకి ఇంత. అంతస్తులు నాకెప్పుడూ కనపడలేదు.

రూప్‌చంద్

అడుగున వరద ముంచిన అడవి ఉంటుంది. అమెజాన్ నది ఏటా పొంగినప్పుడు అడవిలో చెట్ల మధ్య మీటర్ల లోతున నీళ్ళు నిలుస్తాయి, చేపలు కొమ్మల మధ్య ఈదుతూ రాలిన పళ్ళు తింటాయి. దాన్ని పెద్ద గాజు తొట్టిలో చూపించారు. మనిషి కంటే పొడవు పెరిగే అరపైమా నీళ్ళపైకి వచ్చి గాలి పీల్చుకుని పోతోంది. అందరూ దాన్నే ఫొటోలు తీస్తున్నారు.

అమ్మ మాత్రం గాజుకి మొహం ఆనించి ఇంకో చేపని చూస్తోంది. గుండ్రంగా, పొట్ట ఎర్రగా.

"ఇదేంటే, రూప్‌చంద్ కదా?"

పాప బోర్డు చదివింది. "పాకూ."

"పాకూ లేదు గీకూ లేదు. రూప్‌చంద్. మన చెరువుల్లో పెంచుతారు. వేపుడికి బాగుంటుంది."

మా ఆయన ఫోన్ తీసి చూసి పగలబడి నవ్వాడు. అమ్మే కరెక్టు. ఆంధ్రా చెరువుల్లో పెంచి, సంతల్లో రూప్‌చంద్ పేరుతో అమ్మేది ఈ అమెజాన్ పాకూనే. పక్కన నిలబడ్డ కేరళ కుటుంబానికి కూడా సంగతి అర్థమై నవ్వారు. చాలా రోజుల తర్వాత అమ్మ గట్టిగా, ఊళ్ళో నవ్వినట్టు నవ్వింది.

ఆ నవ్వు తగ్గాక అడిగింది, "ఇంత నీళ్ళు ఎక్కడివే వీళ్ళకి? ఏరు లేదు, కాలవ లేదు."

"సముద్రం నీళ్ళమ్మా. ఉప్పు తీసేసి వాడతారు. దుబాయ్‌లో మనం తాగేవి కూడా అవే."

"ఈ పైన పడే తుంపర కూడానా?"

"దాదాపు అన్నీ అవే."

అమ్మ కాసేపు మాట్లాడలేదు. పైనుంచి సన్నటి జల్లు ఆకుల మీద పడుతోంది.

"ఇక్కడ సముద్రం నీళ్ళలో ఉప్పు తీసి అడవి పెంచుతున్నారు" అంది చివరికి. "మన దగ్గర తోట కొట్టి ఉప్పు నీళ్ళు తెచ్చి పోస్తారు. ఒక్కడు చెరువు తవ్వితే వాడి చెట్లే కాదు, గట్టు పక్కనోడి చెట్లు కూడా ఎండిపోతాయి. బోర్లన్నీ ఉప్పెక్కిపోతాయి. పక్క తోట వాళ్ళు తుఫాను నాడు మాకు అన్నం పెట్టినవాళ్ళు. వాళ్ళ నీళ్ళలో నేను ఉప్పు పొయ్యాలా?"

"అమ్మా, నువ్వు మాతో సరేనన్నావు కదా..."

"మీరెలా అంటే అలాగే అన్నాను. నాకెలా ఉందో మీరు అడగలేదు."

గొంతు పెంచలేదు. నిష్ఠూరం కూడా లేదు. కంద ధర చెప్పినట్టు చెప్పింది. నేను ఏమీ అనలేకపోయాను. ఎందుకంటే అది నిజం. ఫోన్‌లో ఎన్నిసార్లు మాట్లాడినా నేనూ అన్నయ్యా అడిగిందంతా "అమ్మేద్దామా?" అనే. "ఏం చేద్దాం?" అని ఒక్కసారి కూడా అడగలేదు.

ఆ చెట్ల కింద బెంచీ మీద కూర్చుని అప్పుడడిగాను.

అమ్మ దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. ఎన్ని నెలల నుంచో ఉండి ఉంటుంది. తోట కౌలుకి ఇస్తుంది, చెరువుకి కాదు. పక్క తోట వాళ్ళబ్బాయి అడుగుతున్నాడు, దింపు మనుషులు వాడికి దొరుకుతారు. ఇంటి చుట్టూ ఉన్న పదిహేను చెట్లూ తనే చూసుకుంటుంది. వేసవి రెండు నెలలూ హైదరాబాద్‌లో అన్నయ్య దగ్గర, చలికాలం నా దగ్గర. "చలికాలం పిలు. ఈ ఎండల్లో కాదు. అప్పుడైతే కార్లు లెక్కపెట్టక్కర్లేదు" అంది.

వెళ్ళాలనుకునే వాళ్ళకి

ఇంట్లో పెద్దవాళ్ళున్న వాళ్ళకి కొన్ని మాటలు. టికెట్లు ఆన్‌లైన్‌లో ముందే తీసుకుంటే కౌంటర్ దగ్గర నిలబడక్కర్లేదు. మెట్రోలో వచ్చేవాళ్ళు బుర్జ్ ఖలీఫా/దుబాయ్ మాల్ స్టేషన్‌లో దిగి టాక్సీ తీసుకోవచ్చు. వేసవిలో నడవాలని మాత్రం చూడకండి. లోపల ఉక్కగా ఉంటుంది కాబట్టి అమ్మావాళ్ళకి నూలు చీర, మనకి పల్చటి బట్టలు మంచివి. పట్టు చీర కట్టిస్తే పైనుంచి పక్షులు ఆశీర్వదించే ప్రమాదం ఉంది. తోవ తడిగా ఉంటుంది, జారని చెప్పులు వేయించండి. పక్షులకి మన చేత్తో ఏమీ పెట్టకూడదు, ముట్టుకోకూడదు. పిల్లలకి ముందే చెప్పి తీసుకెళ్ళండి. శుక్ర, శనివారాల సాయంత్రాలు రద్దీ. వారం మధ్యలో పొద్దున్నే వెళితే పక్షుల అరుపులు వినపడతాయి. రెండు గంటలు సరిపోతాయని అనుకుంటాం. అమ్మతో వెళితే మాకు మూడున్నర పట్టింది.

ఒక్కటి మాత్రం మర్చిపోకండి. బోర్డులు మీరు చదివి వినిపించకండి. ముందు వాళ్ళని చూడనివ్వండి. "ఇదేమిటమ్మా?" అని మీరే అడగండి.

డబ్బు ఖర్చు లేకుండా చూడాలంటే, కాస్త చల్లబడ్డాక ఏదైనా పెద్ద పార్కుకి తీసుకెళ్ళండి. మన రామచిలుకలూ గోరింకలూ ఇక్కడ గుంపులుగా ఉంటాయి. ఎవరో తెచ్చినవాటిలో కొన్ని తప్పించుకుని, ఈ ఊరి నీళ్ళకి అలవాటు పడి, పిల్లల్ని పెట్టుకుని ఉండిపోయాయి. సాయంత్రం అవి చెట్టు మీద చేరి పెట్టే గోల వింటే అమ్మావాళ్ళు మనతో పాటు ఇంకో గంట కూర్చుంటారు.

తర్వాత

ఆ రాత్రే అన్నయ్యకి ఫోన్ చేశాను. మాట్లాడుకున్నామనడం కంటే పోట్లాడుకున్నామనడం సబబు. "మీరు ఎడారిలో కూర్చుని అడవి కబుర్లు చెబుతారు. రాత్రిపూట అమ్మకి ఒంట్లో బాగోకపోతే పరిగెత్తాల్సింది నేను" అన్నాడు. వాడు అన్నదాంట్లో న్యాయం ఉంది. మూడు రోజులు నా ఫోన్ ఎత్తలేదు. నాలుగో రోజు వాడే చేసి, "కౌలు కాయితం ఏడాదికే రాయిద్దాం. తర్వాత చూద్దాం. రాత్రి పడుకోడానికి ఒక మనిషిని పెట్టాల్సిందే" అన్నాడు. దానికి అమ్మ ఒప్పుకుంది. బేరం వాడికి వద్దని చెప్పేశాం. ఏడాది తర్వాత ఏమవుతుందో నాకు తెలీదు. తెల్లదోమ పోలేదు, కోకో ధర పెరగలేదు.

అమ్మ వెళ్ళిన వారానికి వాట్సాప్‌లో వీడియో వచ్చింది. చెయ్యి వణుకుతోంది, సగం సేపు వేలే కనపడుతోంది. "ఇదిగోనే, ఇది పై అంతస్తు... ఇదిగో అరటి... ఇది కోకో, కాయ చూడు మానుకే కాసింది, కొమ్మకి కాదు... ఇది కంద. మీ గాజుమేడలో ఇది లేదు, నేను చూశాను." పాప దాన్ని తన స్నేహితులందరికీ చూపించింది.

వీడియో చివర్లో అమ్మ అడిగింది, "కింద తెల్ల కార్లు ఎన్నున్నాయే ఇవాళ?"

లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి లెక్కపెట్టాను. ముప్పై ఎనిమిది. మెసేజ్ పెట్టాను.